భుజమెత్తు గాడి

మాలకొండమ్మని ఒకామె ఉండేదంట. మొగుడు పోయాక పుట్టింటికొచ్చేసింది. పుట్టింట్లో ఇద్దరు తమ్ముళ్లు, పెద్దోడు చెంచయ్య, చిన్నోడు మస్తానయ్య. ఇద్దరూ ఒకే ఎత్తు అనుకో, ఒకడి చొక్కా ఇంకొకడికి సరిగ్గా పట్టేది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఒకడి కొలతలిచ్చి ఇద్దరికీ కుట్టించేదంట. అట్టాంటోళ్లకి తగువొచ్చింది. ఎందుకొచ్చిందని నన్నడగబాకండి, నాకు తెలీదు, కొన్నాళ్లకి వాళ్లకీ తెలీదనుకుంటా. పెద్దమనుషులొచ్చి ఇల్లు మధ్యకి పంచారు. మధ్యలో ఉండే గోడ మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. ఇటుక గోడే, కాకపోతే మట్టి పెట్టి కట్టింది, జానెడు మందం. అటు దూలాలూ దాని మీదే, ఇటు దూలాలూ దాని మీదే. నీ గడప నేను తొక్కనంటే నీ గడప నేను తొక్కనని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. మరి అక్కనేం చేయాల? పొద్దున పెద్దోడింట్లో తినమ్మా, మాపటికి చిన్నోడింట్లో తిని ఆడే పడుకో, అన్నారంట పెద్దమనుషులు. అని ఊరుకోలా. అమ్మా, నువ్వు రెండు గడపలూ తొక్కేదానివి, ఈ ఇంటి మాట ఆ ఇంట్లో చెప్పావంటే ఆ రోజుతో నీకు రెండిళ్లూ లేవు, అని ఆమె చేత కర్పూరం ఆర్పించి ఒట్టేయించారు. ఒసే కాశమ్మా, పొగాకు కర్రకి వదులుగా కడతన్నావు, కాల్చటానికి బారెన్లోకి ఎక్కిచ్చాక జారిద్ది, చూసి కట్టు.

ఆమెకి పిల్లల్లేరు. మస్తానయ్యకి ఒక కూతురు, పోలమ్మ, పోలీ అని పిలిచేవోళ్లు. దాని తల్లి తెల్లారితే కూలికి పోయేది. అందుకని ఆ పిల్లకి నీళ్లు పోసిందీ, తల దువ్విందీ, పక్కలో ఏసుకుని పడుకుందీ అంతా మేనత్తే. అత్తా అత్తా అని కొంగు పట్టుకుని తిరిగేదంట. ఆ గోడ పక్కనే ఇద్దరికీ పడక. ఈమె బతికిందంటే ఆ పిల్ల కోసమే బతికింది, ఇంకేముంది ఆమెకి.

ఇట్టా ఉండగా ఏమైందంటే, చెంచయ్య టౌనుకి పోయి ఎవరిదో కొత్తిల్లు చూశాడంట. కరెంటు తీగ ఒక్కటన్నా పైకి కనపడదు, అంతా గోడలోనే. ఇంటికొచ్చి, మనకీ అట్టా చేపిచ్చాలన్నాడు. కరెంటు పనోడొచ్చాడు. దూలాల ఎంబడి పైన తిప్పుతానయ్యా అన్నాడు. కాదు, ముందర గదిలోంచి వంటగది దాకా గోడలో అడ్డంగా గాడి కొట్టు, తిన్నగా రావాల, గొట్టం తక్కువ పట్టిద్ది అన్నాడు చెంచయ్య. ఎంత ఎత్తున కొట్టమంటావని అడిగాడు పనోడు. మన పక్క స్విచ్చి ఎప్పుడూ ఇంటాయన భుజమెత్తునే గదా పెట్టేది. చెంచయ్య పోయి గోడకి వీపు ఆనిచ్చి నిలబడ్డాడు. భుజం కాడ బొగ్గుతో గీసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా సుత్తీ ఉలీ పెట్టి కొట్టేశారు. ఎంత లోతంటే, నాలుగు వేళ్లూ మొదలంటా దూరిచ్చొచ్చు. గొట్టం పెట్టారు. మిగతా సందులో ఏం పెట్టారనుకుంటున్నారు? సిమెంటు సంచీ కాగితాలు కుక్కారు. పైన పల్చగా సిమెంటు పూసి, తడిగుడ్డతో నున్నగా రుద్ది, సున్నం కొట్టారు. చూస్తే గోడకేం కాలేదనిపిచ్చిద్ది. కోసిన ఇటుకలు పూసినంత మాత్రాన అతుక్కుంటాయా? మన జనానికి పైన నున్నగా ఉంటే చాలు, లోపల ఏం కుక్కినా పర్లేదు.

ఇవతల మస్తానయ్య ఆ సుత్తి చప్పుడంతా వింటానే ఉన్నాడు. ఊళ్లో వాళ్లూ వీళ్లూ చెప్పారు, మీ అన్న తీగలన్నీ గోడలో పెట్టిచ్చాడని. అన్నకుంటే నాకెందుకు ఉండకూడదన్నాడు. అన్న పిలిచిన పనోణ్ణి పిలుస్తాడా? పిలవడు. వేరే ఊరు నుంచి ఇంకొకణ్ణి పిలిపిచ్చాడు. వాడూ అడిగాడు, ఎంత ఎత్తున కొట్టమంటావని. ఈయనా పోయి గోడకి వీపు ఆనిచ్చి నిలబడ్డాడు. ఇంకేముంది చెప్పండి. అదే గోడ, అదే ఎత్తు. ఇవతల ఉలి పడతా ఉంటే అవతల చెంచయ్య ఇంట్లో పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి పడిందంట. చెంచయ్య పెళ్లాం, ఏందయ్యా ఇది, ఒకసారి పోయి చూసిరా అంది. వాడి గడప నేను తొక్కేదేంది, నా మీద కడుపుమంటతో గోడ బాదతన్నాడు, బాదుకోనీ, అని ఊడినకాడ మళ్లీ సిమెంటు పూసుకున్నాడు. మస్తానయ్యా అంతే, కాగితాలు కుక్కి పైన పూసుకున్నాడు. గడప దాటి చూసినోడు లేడు.

వానలు ముసిరి గోడ చెమ్మెక్కింది, సున్నం లేచింది. రెండిళ్లకీ సున్నం కొట్టేది మాలకొండమ్మే. సున్నం కొట్టేవోళ్లకి గోడ సంగతి చేతికే తెలిసిద్ది. పెద్దోడింట్లో గోడ తట్టింది, డొల్లగా మోగింది. సరిగ్గా ఆమె కనుబొమల ఎత్తున, గాడి పొడుగూతా సన్నంగా పగులు. చిన్నోడింటికొచ్చి తట్టింది. కనుబొమల ఎత్తునే, అట్టాగే మోగింది, అట్టాంటి పగులే. కుంచె పక్కన పెట్టి అక్కడే కూర్చుందంట. అటు తొలిచారు, ఇటు తొలిచారు, మధ్యలో ఏం మిగిలింది? ఆ కిందే గదా పిల్ల పడక. చెప్తే తనకి కూడులేదు, నీడలేదు. చెప్పకపోతే పిల్ల. ఎంతసేపు ఆలోచిచ్చిందో మరి. లేచిపోయి చెప్పింది.

ముందు చిన్నోడికి చెప్పింది. ఒరే మస్తానూ, మీ అన్న కూడా అవతల ఇదే ఎత్తున కొట్టిచ్చాడురా, గోడ సగం కూడా లేదు, దూలాల కింద కర్రలు ఆనిచ్చి మోపులన్నా పెట్టు, లేకపోతే పిల్లనన్నా ఇక్కణ్ణించి తీసెయ్, అంది. వాడేమన్నాడంటే, అయితే ఆ ఇంటి మాట మోసుకొచ్చావన్నమాట, ఈ ఇంటి మాట ఆ ఇంట్లో ఎంత మోశావో, అన్నాడు. పెద్దోడి కాడికి పోయి అదే చెప్పింది. వాడు నిన్ను పంపిచ్చాడా, మోపుల వంకతో నా ఇంట్లోకి రావాలని చూస్తన్నాడా, అన్నాడు వాడు. సాయంత్రానికి ఆమె చీరల మూట వీధిలో ఉంది. పెద్దమనుషులకి చెప్పుకుంది. కర్పూరం ఆర్పి మాట తప్పినావు, మేమేం చెయ్యాలమ్మా, అన్నారంట.

పోతా పోతా పిల్లని దగ్గరికి తీసుకుని, అమ్మా పోలీ, ఆ గోడ పక్కన కూర్చోబాక, ఆ పక్కన పడుకోబాక, అని చెప్పిపోయింది. ఇదిగో ఇలాంటి బారెను చూరు కిందే తలదాచుకుంది. పిల్ల అత్త మాట వినింది. తెల్లారి సద్దన్నం గిన్నె తీసుకుని వాకిటి పక్కకి పోయి కూర్చుంది. తండ్రి చూశాడు. ఆడ ఎందుకు కూర్చున్నావే, జల్లు కొడతా ఉంటే, అన్నాడు. అత్త గోడ పక్కన కూర్చోవద్దనింది నాయినా, అంది. వాడికి రోషమొచ్చింది. ఆమె మాట నీకూ ఎక్కిందా, నా గోడకేమైంది, అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గోడ కింద కూర్చోబెట్టి, గిన్నె ముందర పెట్టి, తిను, అని బర్రె కాడికి పోయాడు. పిల్ల తింటా ఉంది.

గోడ రొట్టె విరిచినట్టు గాడి కాడికి విరిగిందంట. పైసగం దూలాలతో సహా చిన్నోడింట్లోకి పడింది. పోలిని తియ్యటానికి ఊరంతా చెయ్యేశారు. తీసి ఏం లాభం.

దుమ్మణిగాక చూస్తే, అన్నకి తమ్ముడు కనపడతన్నాడు, తమ్ముడికి అన్న కనపడతన్నాడు. మధ్యలో మొండిగోడ, దాని మీద అటు గొట్టం ఇటు గొట్టం, రెంటికీ మధ్యన చెక్క మందం ఇటుక కూడా లేదు. ఇద్దరూ చూశారు, ఇద్దరికీ అర్థమైంది. ఆ సమయానికే మాలకొండమ్మ పరిగెత్తుకుంటా వచ్చి పిల్ల మీద పడింది. అప్పుడు చెంచయ్య నోరు తెరిచాడంట, ఇన్నేళ్ల తర్వాత తమ్ముడితో మొదటి మాట. ఏమన్నాడంటే, ఒరే, రెండిళ్లూ తిరిగింది ఇదే గదా, రెండు పక్కలా చూసింది ఇదొక్కతే గదా, కాస్త ముందుగా చెప్పుంటే పిల్ల బతికేది, అన్నాడు. అవునన్నా, ఇదే మింగింది నా బిడ్డని, అన్నాడు మస్తానయ్య. పెద్దమనుషులు కూడా తలూపారు. నేను చెప్పాను గదరా అని ఆమె అనలేదు, పిల్ల నోటి కాడ మెతుకులు తుడుస్తా కూర్చుంది.

ఇంతే. అన్నదమ్ములు కలిసిపోయారు, ఇప్పటికీ కలిసే ఉన్నారు, ఆమెని తిట్టేటప్పుడు ఇద్దరిదీ ఒకే గొంతు. ఇందులో మంచేముందని అడగబాకండి, నేను వెతికాను, లేదు. కట్టండి ఆకు.