ఆరోగ్య రొట్టె

పెన్న ఒడ్డున శేషతల్పంపై పవళించిన శ్రీరంగనాథునికి నమస్కరించి, విన్న మాటలు చెబుతున్నాను.

మైపాడు దాపున ఒక పల్లెలో, చక్కెర జబ్బు, గుండె జబ్బు ఉన్నవారిని నెలనెలా చూసే నర్సు, చేపలమ్మే ఒక ఇల్లాలి వాకిట కూర్చున్నది.

"మాత్రలు అట్లే ఉండాయే. ఎందుకు మానేసినావక్కా?"

"రొట్టెల పండక్కి పోయి, నెల్లూరు దర్గా చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకున్నా గదమ్మా. ఇంకా మందు మింగితే నమ్మకం లేనట్టు కాదా?"

"ఆయాసం తగ్గిందా?"

"లేదు. నాలుగిళ్ళు తిరిగితే గంప దించి నిలబడతా ఉండా."

"రొట్టె ఎవరిచ్చినారు?"

"కోవూరామె. పోయినేడు ఆమె పట్టుకుందంట, నయమైందంట. కోరిక తీరినోళ్ళు మరుసటేడు వచ్చి ఇంకొకరికి ఇయ్యాల గదా."

"అయితే వచ్చే ఏడు నువ్వూ ఇయ్యాల."

"ఇయ్యకుండా ఉంటానా?"

"ఇయ్యడానికి నువ్వుండాల గదక్కా."

ఆ ఇల్లాలు మాత్రల పొట్లం చేతిలోకి తీసుకున్నది. తన రొట్టెకోసం ఆ నీళ్ళలో ఎవరో ఎదురుచూస్తారన్న తలపు ఇంతవరకు ఆమెకు తట్టనేలేదు.

"తిడతావనుకున్నా."

"తిడితే బుధవారం పరీక్షకి వస్తావా?"

"చేపలమ్మినాక వస్తా. ఈ మాత్ర తినకముందా, తిన్నాకనా?"

"తిన్నాక. అన్నం పెట్టుకో, నేను కూర్చోనుంటా."

ఈ మాటలు విన్న వారందరికీ ఆ స్వామి నిండు నూరేళ్ళు ఆరోగ్యం అనుగ్రహించుగాక.