మద్రాసు పెట్టె

ఏమప్పా రామకృష్ణా, పొద్దన్నుంచి ఆ కాయితం మీద ఏం గీకుతాండావు? పెట్టెనా? పాటల పెట్టెనా? ఏదీ, ఇట్లియ్యి, అద్దాలు పెట్టుకోనీ. ఓహో, లోపల గోడలు వాలుగా ఉండాయే. మొదట్లో సన్నగా, పోను పోను వెడల్పుగా. ఇది బూరె పెట్టె కదప్పా. నవ్వాకు. నువ్వు ఇయ్యాల ఫోన్లో చూసి గీసుకుంటాండావు గానీ, నీ వయసులో ఉండంగానే నేను ఇట్లాంటిది చేయించినా. చేసింది నేను కాదులే, చేయించినా. చేసింది ఏసేపు అనే ఆయప్ప. నీకు తెలీదు, మీ నాయన పుట్టకముందే పోయినాడు. కూర్చో, ప్లైవుడ్డు అంగడి యాడికీ పోదు, రేపు పోదువులే.

అప్పుట్లో నేను తిమ్మయ్య డేరా టాకీసులో బొమ్మేసే మిషను తిప్పేవాణ్ణి. డేరా అంటే డేరానే, గుడ్డ కప్పు, నాలుగు పక్కలా తడికెలు, కింద ఇసుక. కోడుమూరు సంత జాగా పక్కన ఏసిన్యాం. ముందర నేల, ఎనక బెంచీలు, ఆటికి ఎనక పెద్దోళ్ళకు నాలుగు కుర్చీలు. సప్పుడుకు ఒకే ఒక ఇనుప బూరె, తెర ఎనక గుంజకు కట్టింటిమి. దాంట్లో మొగోడు మాట్లాడినా, ఆడామె మాట్లాడినా, ముసిలోడు దగ్గినా అంతా ఒకటే, రేకు డబ్బాలో గులకరాళ్ళు ఏసి ఊపినట్ల ఉండేది. జనం "ఏమనె, ఏమనె" అని పక్కోళ్ళను అడుక్కుంటాండ్రి, ఆ అడుక్కునే లోపల ఇంగో మాట పోయేది. అంతలో డోన్ నుంచి ఇంగో డేరా వస్తాదని పుకారు పుట్టె. తిమ్మయ్యకు గొంతు సన్నం, భయమేస్తే ఇంగా సన్నగయ్యేది. నన్ను పేరు పెట్టి పిల్సి, "ఉరుకుందప్పా, వాళ్ళ కాడ సప్పుడు బాగుంటే మనం గుంజలు పీక్కోని పోవాల్సిందేరా. పదైదు మంది తినే కూడు ఇది" అనె. నా కూడు గూడా దాంట్లోనే కదా.

నేను కర్నూలుకు పోయినా. ఆడ ఒక పెద్ద టాకీసులో మిషను ఆయప్పను బతిమాలుకుంటే తెర ఎనక్కు ఇడ్సినాడు. ఆడుండాదప్పా, నిలువెత్తు కట్టె బూరె. కట్టెతోనా, అని నోరు తెర్సుకోని చూస్తి. చేలో దూరంగా ఉండే మనిషిని పిలిచేటప్పుడు నోటికాడ రెండు చేతులు అడ్డం పెట్టుకుంటాం కదా, అదే లెక్క. సప్పుడు మిషను బలం తక్కువైనా బూరె దాన్ని పట్టుకోని ముందరికి తోస్తాది. లావు గొంతు లావుగా వస్తాది. మూరలతో, జానలతో కొల్సుకోని కాయితం మీద గీసుకోని వస్తి. నీ మాదిరే. అయితే చేసేదెవరు? ఊర్లో ఇద్దరు వడ్లపనోళ్ళకు చూపిస్తి. ఒకాయప్ప ముక్కలు కోసి కలిపె గూడా. సందుల్లో వేలు దూరుతాండె. ఆయప్పది తప్పు కాదు. తలుపులు, మంచాలు చేసే చేతికి మూలమట్టం పెట్టి తిన్నగా కోసేదే అలవాటు. ఈడ నాలుగు పలకలూ వాలుగానే ఉండాల, వాలు మీద వాలు. సందుంటే సప్పుడంతా దాంట్లోనే కారిపోతాది.

వాలుగా కోసి ఎంట్రుక దూరకుండా కలిపేటోడు ఊరంతటికీ ఒకడే. యాలంటే ఆయప్ప చేసేవి శవం పెట్టెలు. భుజాల కాడ వెడల్పు, కాళ్ళ కాడ సన్నం. అర్థమాయె కదా? చర్చి పేటలో ఉంటాండె ఏసేపు. చుట్టుపక్కల పది ఊర్లలో వాళ్ళోళ్ళు ఎవురు పోయినా కబురు ఈయప్పకే. పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్క, మాట తక్కువ. నేను కాయితం చూపిస్తే తలకిందులు చేసి చూసె, పక్కకు తిప్పి చూసె. కడాకు అనె, "అప్పా, ఇరవై ఏండ్లుగా చేస్తాండా. నా పనితనమంతా మట్టి కిందనే ఉండాది. చూసేకి ఒక్కటి లేదు. ఇది పైన ఉంటాది కదా?" ఉంటాదంటి. "నలుగురు దాని ముందర కూర్చుంటారు కదా?" నాలుగు నూర్ల మంది అంటి. "అట్లయితే దాని మొగం మీద ఒక మూల నా పేరు రాయాల. చిన్నదే చాలు" అనె. దానికేం భాగ్యం, నేనే రాస్తా అంటి. డేరా బోర్డులు రాసేది నేనే కదా, నా చేతి రాత బాగుంటాండె.

చెక్కకు కర్నూలుకే పోయినాం ఇద్దరం. ఈడ కథ చెప్పాల నీకు. కర్నూలు మూడేండ్లు రాజధానిగా ఉండె, తెలుసా? తెలుసా, బడిలో చదివినావా, సరే. ఆఫీసులకు ఇండ్లు సాలక డేరాల్లో, షెడ్డుల్లో పెట్టిండ్రి. మా తిమ్మయ్య అంటాండె, "సర్కారుదీ మనదీ ఒకటే పనిరా, డేరా" అని. షెడ్డుల్లో ఒక సారుకూ ఇంగో సారుకూ నడాన ప్లైవుడ్డు పలకలు నిలబెట్టిండ్రి. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు పాయె, సార్లు పాయిరి, పలకలు మిగిలె. ఒక పాత సామాన్ల సాయిబు కాడ గుట్టగా పడుండె, ఇంక్ మరకలతోనే. నేనైతే పైన నున్నగుండేది చూసి ఇది చాలు, ఇది చాలు అంటా ఉంటి. ఏసేపు ఒక్కో పలకను గోడకు ఆనించి ఏలి కణుపులతో జానకొకసారి తట్టుకుంటా పోయె, చెవి ఆనించి. సాయిబు విసుక్కునె, "క్యా ఏసేపు భాయ్, వైద్యం చేస్తాండావా" అని. ఏసేపు ఒక తావున ఆగి, "ఈడ లోపల పొర లేదప్పా, ఖాళీ ఉండాది. ఇది సప్పుడైతే గుర్రుమంటాది" అని పక్కన పెట్టె. అట్ల నలభైలో తొమ్మిది పలకలు ఏరె. టేకు ఏసుకోగూడదా అని నేనడిగితే, "ఒంటి చెక్క మన ఎండకు తిరుక్కుంటాదప్పా. ఇది అడ్డం పొర, నిలువు పొర అతికించింది, ఒకదాన్నొకటి పట్టుకోనుంటాది, కదల్దు" అనె. టీ పెట్టెల చెక్క పల్చన, పనికిరాదనె. నువ్వు గూడా సూపుకు మోసపోవాకు, చెయ్యేసి తట్టు.

అంతటితో అయిపోలే. ప్రతి పలకలోనూ ఒక ముక్క కోసి ఇంటికాడ నీళ్ళలో ఉడకబెట్టె, పొరలు ఇడిపోతాయేమో అని. వాళ్ళింటామె వరమ్మ సంగటి కుండలో కట్టెలు ఉడుకుతాండేది చూసి, "మీరిద్దరూ ఇయ్యాల ఇదే తినండి, నేను పిండి పొయ్యలే" అని కూకునె. ఒక్క పలక ఇడిపాయె, ఎనిమిది నిలబడె. ఇంగ స్పీకరు. రేడియో అంగట్లో కొత్తది తళతళా మెరుస్తాండేది ఒకటి, దుమ్ము పట్టింది ఒకటి ఉండె. ఏసేపుకు దాని సంగతి ఏమీ తెలీదు, అయినా రెండు చేతుల్లో రెండూ ఎత్తి చూసి, "ఇది బరువుండాది, అయస్కాంతం పెద్దది" అని దుమ్ముదే చూపించె. స్పీకరు మొగాన ఉండే నల్ల కాయితం మీద రెండు బొటనేళ్ళు పెట్టి మెల్లగ నొక్కి చెవి పెట్టి ఇనె, లోపల రాసుకోలేదని. సరే తీసుకుంటిమి. పెట్టె కలిపినంక సప్పుడు మిషను పెట్టి పాట ఏస్తే, వరమ్మను అడిగి పిడికెడు జొన్నలు తెచ్చి పలక మీద చల్లె. యాడైతే జొన్నలు ఎగురుతాండాయో ఆడ పలక వణుకుతాండాదని లెక్క. లోపల ఆడికి అడ్డపట్టీ బిగించె. మళ్ళ చల్లె, మళ్ళ బిగించె. జొన్నలు కదలకుండా కూకునేదాకా ఇడ్సలేదు. నాకు ఇన్నేండ్లాయె, అట్ల పని చేసిన మనిషిని ఇంగొకర్ని చూడలే.

ఇంగ చెప్పాల్సింది ఉండాది. చెప్పేకి నాకే బాగుండదు. పెట్టె అయిపోయినంక తిమ్మయ్య అడిగె, "యాడ చేయించినావురా?" అని. ఏసేపు అంటి. తిమ్మయ్య మొగం మాడిపాయె. "శవం పెట్టెలు చేసే ఏసేపా? పెండ్లయిన ఆడోళ్ళు, పసిబిడ్డల తల్లులు దాని ముందర కూకుంటారా? జనం డేరా పక్కకొస్తారా?" అనె. ఆ కాలం అట్లాంటిదప్పా. ఆ పేటోళ్ళను డేరాలోకి రానిచ్చినా, కడగుంజ కాడ ఏరే కూకోబెట్టేవాళ్ళు. తిమ్మయ్య ఏం చేద్దామంటే, మద్రాసు నుంచి తెప్పించినామని చెప్దాం అంటి. ఆ మాట తిమ్మయ్య అనలే. నేనే అంటి. తెల్లారకముందే పెట్టెకు గుడ్డ కప్పి ఎద్దుల బండ్లో తెస్తిమి. ఏసేపు యాడ గుంతలో పడి కదుల్తాదో అని బండి ఎనక చెయ్యి పట్టుకోని నడ్సుకుంటా వచ్చె. దాన్ని తెర పక్కన, జనానికి కనపడేటట్ల దించినంక నేను పెయింటు డబ్బా తెస్తి. ఆయప్ప మూల చూపించి, "ఈడప్పా" అనె. నేను తల ఎత్తకుండా రాస్తి, 'మద్రాసు' అని. ఆయప్పకు చదువొచ్చు, చర్చిలో నేర్చినాడు. శానాసేపు చూసె. సంగతంతా చెప్తి, కొన్ని దినాలేలే, జనం అలవాటైనంక మార్చి రాస్తా అంటి. "రాత బాగుండాదప్పా" అని, తడి ఆరకముందే దుమ్ము పడుతాదని పైన గుడ్డ అడ్డం పట్టుకోని నిలబడె.

మొదటి ఆటకే ఊరు ఊగిపాయె. మాట మాటగా ఇనపడె. ముందర నేల మీద కూకునే భీమక్క, సినిమాలో తల్లి ఏడుస్తాంటే, "నా పక్కనే కూకోని ఏడుస్తాందే" అని తనూ ఏడ్చె. పక్క ఊర్ల నుంచి బండ్లు కట్టుకోని వచ్చిరి. డోన్ డేరా కోడుమూరు మొగమే చూడలే. ఏసేపు వారం దినాలు వరసగా వచ్చె. తెర చూడడు ఆయప్ప, జనం మొగాలు చూస్తాండె. డేరా వాకిలి ఇడుపు కాడ నిలబడి వచ్చేవాళ్ళను, పొయ్యేవాళ్ళను అడుగుతాండె, "పెట్టె ఎట్లుండాది?" అని. "మద్రాసుది కదప్పా, బాగుండక" అనేవాళ్ళు. "ఔ, మద్రాసుది" అని ఆయప్ప గూడా తల ఊపేది. ఎండకు ఎప్పుడన్నా మూల బంక ఇడిస్తే, మజ్జానం ఎవురూ లేనప్పుడొచ్చి సరి చేసి పొయ్యేది. నన్ను ఒక్కసారి గూడా పేరు సంగతి అడగలే. అడిగింటే రాసిండేవాణ్ణేమో. ఈ సినిమా అయిపోనీ, ఆ పండగ కానీ అని నేనే జరుపుకుంటా వస్తి.

మర్సటి ఎండాకాలం పచ్చకామెర్లొచ్చి పాయె మనిషి. పదైదు దినాల్లో. ఆయప్పకు పెట్టె చేసేకి ఊర్లో ఎవురూ లేరు కదా, ఉండేది ఆయప్పే. డోన్ నుంచి ఎవర్నో పిలిపించిరి. చూస్తి, మూలల్లో సందులు. నేనూ మట్టి ఏసి వస్తి. వరమ్మ నన్ను చూసి తల పక్కకు తిప్పుకునె. ఆ సాయంత్రం డేరా నిండిపోయింది, కొత్త సినిమా. రేపటి ఆట సంగతి చెప్పేకి మైకు నా చేతిలోనే ఉంటాది. నాకేమాయెనో, ఇంగ ఆపుకోలేకపోతి. తిమ్మయ్య ఎనక నుంచి చొక్కా పట్టి గుంజుతాన్నా ఇడ్సలే. "అయ్యా, అమ్మా, ఈ పెట్టె మద్రాసుది కాదు. మన ఏసేపు చేసింది. నేనే అబద్ధం రాస్తి. ఇయ్యాల ఆయప్పను పూడ్చిపెట్టి వచ్చినాం" అని ఆ పెట్టెలోనే చెప్తి. జనం లేచిపోతారు, రాళ్ళేస్తారు అనుకుంటి. ఒక్కరు గూడా లేయలే. బెంచీ మీద నుంచి గానుగ బసవన్న అనె, నిదానంగా, "తెలుసులేప్పా. బొమ్మెయ్యి" అని. కింద నుంచి భీమక్క, "బండి మా ఇంటి ముందర్నే కదా వచ్చింది, ఆయప్ప ఎనక నడ్సుకుంటా వస్తాంటే చూస్తిమి" అనె. ఇంగొకాయప్ప, ఇంగొకామె. అందరికీ తెలుసంట. మొదటి దినం నుంచే. మద్రాసు అనుకుంటే కూకునేకి ఇబ్బంది లేదని అట్లే అనుకుంటా వచ్చిరంట. ఏడాది పొడుగూ ఆ మనిషి ఇడుపు కాడ నిలబడి అడుగుతాంటే, తెలిసి గూడా మొగం మీదనే మద్రాసుది అనిరి. బాగ చేసినావురా ఏసేపూ అని ఒక్కరన్నా... ఎవర్ని అనేకి ఉంటాది, నేను అన్నానా?

బొమ్మేసినా. ఇంగేం చేస్తా.