అడిగిన గదికే పాఠం పంపిన మేడమ్

1994 జులై పదకొండవ తేదీన మా ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా ‘స్విచ్చుల మేడమ్’ గారికి హృదయపూర్వక అభినందనలు. వారి గురించి మంచి మాటలు రాయమని ఈ వీడ్కోలు సంచిక నిర్వాహకులు నన్ను అడిగారు. రాస్తాను. నాకు మింగుడుపడని మాట కూడా రాస్తాను.

మేడమ్ గారు చేరినప్పుడు కంప్యూటరు మందుల స్టోరులో మాత్రమే ఉండేదట. అంతస్తు అంతస్తుకూ తీగలు లాగించి, కంప్యూటర్లను కలిపే స్విచ్చులనే పెట్టెలు పెట్టించి, వార్డులన్నింటినీ కలిపినవారు వారే. నా భర్త పోయాక ఆయన స్థానంలో నేను వార్డు ఆయాగా చేరేనాటికి వారు ఆ విభాగానికి అధికారిణి.

అప్పట్లో నాకు చదవడం రాదు. తలుపు రంగును బట్టి వార్డును గుర్తుపట్టేదాన్ని. ఒకసారి తలుపులన్నింటికీ ఒకే రంగు వేశారు. ట్రే పట్టుకుని నడవలో నిలబడిపోయాను.

“ఏమ్మా, దారి తప్పావా?” అన్నారు మేడమ్ గారు.

“నేను కాదు మేడమ్, తలుపులే తప్పాయి!”

వారు నవ్వారు. ఆ నవ్వు అంతలోనే ఆగిపోయింది. ఆ నెలలోనే ఆయాలకు అక్షరాల తరగతి మొదలైంది. వార్డు వదిలి రాలేం కనుక పాఠాన్నే మా డ్యూటీ గదుల్లోని కంప్యూటర్లకు పంపించారు. పాఠం పంతులమ్మ గది నుంచి ఒక్కసారే బయలుదేరుతుంది. ‘ఎవరికి కావాలి?’ అని స్విచ్చి అడుగుతుంది. కావాలన్న గదికే వెళ్తుంది, మిగతా గదుల పనికి అడ్డురాదు. దీన్ని మల్టీకాస్ట్ రూటింగ్ అంటారట. ప్రతి స్విచ్చిలోనూ ఆ అమరిక చేసి, ఆపైన మా పక్కన స్టూలు మీద కూర్చుని పాఠం వస్తోందో లేదో చూసేవారు.

అప్పటి సూపరింటెండెంటు గారికి తమ వార్షికోత్సవ ఉపన్యాసం ప్రతి కంప్యూటరులోనూ కనబడాలని కోరిక పుట్టింది.

“వాళ్లను అడిగేదేంటమ్మా? అందరికీ వదిలెయ్!”

“అలా వదిలితే ల్యాబు, బిల్లుల కౌంటరు ఆగిపోతాయి సార్. కావాల్సినవాళ్లు తెరిచి చూస్తారు.”

“ఎవరూ తెరవకపోతే?”

మేడమ్ గారు నమస్కారం పెట్టి, అమరికను మార్చకుండానే వెళ్లిపోయారు. అదే వారి నేరమైంది.

ఆయన ఇంకొకరి చేత ఆ అమరిక తీసేయించారు. ఉపన్యాసం వెల్లువలా అన్ని గదుల మీదా పడింది. ల్యాబు రిపోర్టులు ఆగాయి, కౌంటరు వరుస గేటు దాటింది. తెర మీద సారు ముఖం నోరు తెరిచినట్టే నిలిచిపోయింది. “పాపం, నిజం చెప్పబోయి ఆగినట్టున్నాడే!” అంది నా పక్కనున్న ఆయా.

మర్నాడు మెమో మేడమ్ గారికి వచ్చింది! ఆయాల పాఠాల భారం వల్లే అంతా ఆగిందట, అది వారి నిర్లక్ష్యమట. తరగతి మూసేస్తున్నట్టు రాసిస్తే మెమో వెనక్కి తీసుకుంటామన్నారు. వారు రాసివ్వలేదు. అమరికను మళ్లీ పెట్టి, “పాఠం నడుస్తుండగా ఏ కౌంటరు ఆగుతుందో చూపించండి సార్” అన్నారు. ఎవరూ చూపించలేకపోయారు. పాఠం కొనసాగింది, మేడమ్ గారి పదోన్నతి మాత్రం పోయింది.

ఇదేం న్యాయం? తప్పు చేసినవారిని పదవీ విరమణ నాడు చప్పట్లతో సాగనంపాం. మేడమ్ గారి సర్వీసు ఫైలులో ఆ మెమో నేటికీ ఉంది. పెద్దలారా, ముందు దాన్ని రద్దు చేయండి, తర్వాత చప్పట్లు కొడదాం. ఈ ఒక్క పేజీని మాత్రం అడిగినా అడగకపోయినా ప్రతి గదికీ పంపించండి.

మేడమ్, మీరు పెట్టిన స్విచ్చి ఈ సాయంత్రం కూడా మా గదిని అడుగుతుంది. కావాలనే చెప్తాం. చేయని తప్పుకు మోసిన ఆ మాట చెరిగిపోయి, మీరు ఆరోగ్యంగా, మీవాళ్ల మధ్య నిండు నూరేళ్లూ తలెత్తుకుని ఉండాలి.

— మూడో అంతస్తు వార్డు ఆయా