కుండీలో కలుపు

కాలేజీలో ఎండబెట్టిన మొక్కలు దాచే గది. లోపల అక్కా చెల్లెలు. గడియ పెట్టిన తలుపుకి అవతల చెల్లెలి మొగుడు.

“తియ్ వదినా! తీస్తావా, ఈ రాడ్డుతో తలుపు ముక్కలు చెయ్యమంటావా?”

“చెయ్యి. పోలీసులకి ఫోన్ చేశాను. వాళ్లొచ్చేలోపు ఎన్ని ముక్కలు చేస్తావో చెయ్యి.”

“నీ చెల్లెలు నాకు విషం పెట్టింది!”

“విషమా? ఏమే, ఏమంటున్నాడు వాడు?”

“అవునక్కా.”

“ఏంటే అవును?”

“మధ్యాహ్నం కూరలో ఆకు కలిపాను. తిన్నాక చెప్పాను. చెప్పగానే చెయ్యి వెనక్కి విరిచాడు. ఫట్‌మని వినబడింది.”

“ఏదీ, చూపించు. ఓరి నాయనో! మణికట్టు ఇంత లావైపోయింది, అప్పట్నుంచీ నోరెత్తలేదేంటే?”

“ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు.”

“ఒరేయ్, దీని చెయ్యి విరిచేశావురా! మనిషివా నువ్వు?”

“విరిచింది చెయ్యేగా, మెడ కాదుగా! కడుపులో తిప్పేస్తోంది వదినా. ఏం తిన్నానో తెలిస్తేనే మందు వేస్తానంటున్నాడు ఫోన్లో డాక్టరు. బాల్కనీ కుండీలోంచి పీక్కొచ్చాను. చూసి పేరు చెప్పు.”

“రాడ్డు కింద పడెయ్. చప్పుడు వినబడాలి.”

“ఇదిగో, పడేశా! ఇంకా ఏంటి?”

“తలుపు కిందనుంచి మొక్క తొయ్యి.”

“అక్కా, వద్దు. చూడకు.”

“నోర్ముయ్. వాడు చస్తే జైల్లో కూచునేది నువ్వు. ఆ భూతద్దం ఇలా ఇయ్యి.”

“కూచుంటాను.”

“కూచుంటావు, కూచుంటావు! దీపం ఇటు తిప్పు… అమ్మయ్య.”

“ఏంటి అమ్మయ్య? చెప్పు వదినా, చచ్చిపోతున్నా ఇక్కడ!”

“చావవు. ఇది చిక్‌వీడ్ అనే కలుపు. కోళ్లకి వేస్తారు, మనుషులూ తింటారు.”

“అబద్ధం! దాన్ని కాపాడ్డానికి చెప్తున్నావు. ఇలాగే ఉండే విషపు మొక్క ఇంకోటుందన్నాడు డాక్టరు.”

“ఉంది. అది వేరు, దాని కుటుంబమే వేరు. దాని కాడ నలుపలకలుగా ఉంటుంది, నున్నగా ఉంటుంది. ఆకు వెనక నల్లచుక్కలు, పువ్వు ఎర్రన. దీని కాడ గుండ్రం. ఒక పక్కనే సన్నటి వెంట్రుకల గీత. కణుపు దాటగానే గీత ఇంకో పక్కకి తిరుగుతుంది. ఇంకే కలుపుకీ అలా ఉండదు.”

“నా చేతిలో మిగిలిన రెమ్మకి పువ్వు తెల్లగానే ఉంది… పది రెక్కలున్నాయి.”

“ఐదే. ఒక్కోటి మొదలుదాకా చీలి ఉంటుంది, అందుకని పదిలా కనబడతాయి. పువ్వు మధ్యలో నిలబడే సన్నటి పోగులు, కీలాలు, మూడు. ఐదుంటే దీని దాయాది అయ్యేది, అదీ విషం కాదు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిరా నాది, నీకోసం తప్పు పేరు పెడతానా?”

“మరి కడుపులో ఎందుకు తిప్పుతోంది?”

“భయానికి. ఆడదాన్ని గొడ్డును బాదినట్టు బాదేవాడికి ఆకంటే ఇంత భయమా? ఛీ!”

“అయితే… నాకేం కాదు.”

“కాదు.”

“ఆస్పత్రికి పోనక్కర్లేదు.”

“అక్కర్లేదు. డాక్టరుకి కూడా అదే చెప్పుకో.”

“హహ్! వింటున్నావుటే లోపల? విషం పెట్టడం కూడా చాతకాలేదు నీకు! ఇప్పుడింటికి పోయి హాయిగా పడుకుంటా. నువ్వు ఎప్పటికైనా ఆ గడప తొక్కాల్సిందే. రెండో చెయ్యి అప్పుడు చూసుకుందాం.”

“పోరా! పోలీసులే వస్తారు నీ ఇంటికి!”

“రానీ వదినా, వాళ్లకీ చెప్పు, కోళ్ల ఆకని!”

“…మెట్లు దిగుతున్నాడు. పోయాడు. ఏడవకే. దేవుడు చల్లగా చూశాడు, తెలీక మంచి ఆకే కోశావు. హత్య చేసినదానివి కాలేదు. పద, ముందు నీ చెయ్యికి కట్టు కట్టించాలి. ఏంటే అలా చూస్తావు?”

“కుండీలో రెండూ కలిసి మొలిచాయక్కా.”

“ఏ రెండూ?”

“వాడు తెచ్చింది, నేను కొయ్యకుండా వదిలేసింది.”

“ఏమన్నావ్?… ఒసేయ్! తలుపు తియ్, వాణ్ణి పిలవాలి! గడియ వదులు!”

“వదలను. వెంట్రుకలున్నవన్నీ వదిలేసి, పలకల కాడవే ఏరుకున్నాను.”