రాహుకాలంలో గేర్‌బాక్సు

హలో, అందరికీ వినపడుతోందా? గోరేబాళలో ఆ రోజు సాయంత్రానికి కాలువ నీళ్లు కట్టేస్తారు. యలమందయ్య పొలంలో ఇంకా ఊడ్పులకు బురద చేసే దమ్ము కాలేదు. బాగుచేసిన గేర్‌బాక్సును మెకానిక్కు తాయప్ప పొద్దున్నే ఆయన ట్రాక్టరుకు బిగించాడు. ఇంజను తిరుగుతోంది గానీ ట్రాక్టరు అంగుళం కదలడం లేదు.

"గేరు పడ్డదా, సావుకారూ?"

"పడిందయ్యా తాయప్పా. బండి మాత్రం నా మాదిరే ఊరికే అరుస్తోంది."

"క్లచ్చి బాగనే ఉంది, నూనె సరిగనే పోసిన. మల్ల విప్పాల్నేమో."

"విప్పితే రేపటిదాకా పడుతుంది. నీళ్లు పోయాక ఊడ్పులేం ఊడుస్తాం, గట్టు మీద నన్ను పాతుకోవాలి!"

"జర ఆగుండ్రి. సీటు కింద చిన్న లీవరు నడుమల ఉందేంది? గిట్ల ఉంటే ఏ గేరు ఏసినా చక్రాలకు అందదు. ఎవరు ముట్టిండ్రు?"

యలమందయ్య తలపాగా సర్దుకున్నాడు.

"నేనే. నువ్వు బోల్టులు బిగించేసరికి రాహుకాలం. ఎవడైనా తోలేస్తాడేమోనని మధ్యలో పెట్టాను."

"రాహుకాలం పోయి మస్తు సేపాయె గద!"

"అది పోయింది. నా బుర్రే ఇంకా అందులో ఉంది."

లీవరు ముందుకు తోయగానే ట్రాక్టరు బురదలోకి దూకింది.

"తాయప్పా, ఎవరన్నా అడిగితే లోపల పళ్లచక్రం ఇరుక్కుందని చెప్పు."

"ఎవరడుగుతరు సావుకారూ? ఊరంత గట్టు మీదనే నిలబడి చూస్తున్నరు."

బోల్టులు విప్పడానికి పానా పట్టుకున్నవాళ్లు మీకెవరైనా తెలిస్తే, ముందు వాళ్లకి ఈ కథ వినిపించండి.