లైవ్‌లో లేని గొంతు

ఆదివారం ఆరాధన అయిపోయింది. హాలు వెనక సౌండ్ గదిలో అక్క, తమ్ముడు.

“ఆ వైర్లు చుట్టడం ఆపరా. ఆపి, నా మొహం చూసి మాట్లాడు.”

“వింటున్నా అక్కా. చేతులు వాటి పని అవి చేసుకుంటాయి, చెవులు నీవే. చెప్పు.”

“పెన్‌డ్రైవ్ ఏది?”

“ఏ పెన్‌డ్రైవ్?”

“ఏ పెన్‌డ్రైవా? ఈ ఏడాది నేను పాడిన పాటలన్నీ వేసివ్వమని నీ చేతికిచ్చానే, అది.”

“ఓ, అదా. వేస్తాను. ఫైళ్ళు పెద్దవి అక్కా, ఈ కంప్యూటర్ చూస్తే నత్త. వచ్చే వారం తప్పకుండా—”

“పోయిన వారమూ ఇదే మాట. అంతకుముందు వైరస్ అన్నావు.”

“నిజంగానే వైరస్ వచ్చింది.”

“ఆ వైరస్‌ని నిన్న చూశానులే.”

“ఎక్కడ?”

“మాస్టారింట్లో.”

“మాస్టారికి ఎలా ఉందక్కా? నేనూ వెళ్దామనుకుంటున్నా, కుదరట్లేదు. కాళ్ళ వాపు తగ్గిందా?”

“మాట మార్చకు. మంచం దిగలేకపోతున్నారు, అది నీకూ తెలుసు. మనిద్దరికీ పాట నేర్పిన మనిషి. ప్రతి ఆదివారం ఫోన్‌ని మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి మన లైవ్ చూస్తారు. నేను వెళ్ళి కూర్చున్నానో లేదో, ‘ఏమ్మా, పాడటం మానేసి ఊరికే నోరు కదుపుతున్నావేంటి?’ అన్నారు.”

“పెద్దాయన కదక్కా. వయసుకి చెవులు కొంచెం—”

“ఆయన చెవులకేం కాలేదు. వెనక వరసలో ఎవరు శ్రుతి తప్పారో ఇప్పటికీ మనిషిని పట్టుకుని చెప్తున్నారు. పాపం, ఫోనే పాడైందనుకుని రిపేరుకి పంపారట. ‘అందరి గొంతులూ వస్తాయి నాయనా, మా అమ్మాయిది వచ్చేసరికి స్పీకర్ పోతోంది’ అని షాపతనికి చెప్పి పంపారట. అతను కొత్త స్పీకర్ వేశాడు. అయినా నా గొంతు రాలేదు.”

“నెట్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది.”

“నా ఒక్కదానికేనా నెట్ ప్రాబ్లమ్?”

“అంటే... మైక్ కావచ్చు. నీది పాత మైకు కదా.”

“ఆ పాత మైకే హాల్లో గంటలా మోగుతోందిగా.”

“హాలు వేరు, లైవ్ వేరు అక్కా. నీకు చెప్పినా అర్థం కాదు.”

“అర్థమయ్యేలా చెప్పు. నా కొట్లో కుట్టుమెషిన్లన్నీ నేనే విప్పి నేనే బిగించుకుంటా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?”

“సరే, ఈ మిక్సర్ చూడు. ఈ వరస బటన్లు హాల్లో స్పీకర్లకి. ఈ వరస లైవ్‌కి, అంటే ఫోన్లలో చూసేవాళ్ళకి. ఈ కింది వరస మీ కాళ్ళ ముందు పెట్టే స్పీకర్లకి, పాడేవాళ్ళ గొంతు పాడేవాళ్ళకి వినపడటానికి. దేనికదే. ఒకదాంట్లో పెంచితే ఇంకోదాంట్లో పెరగదు.”

“ఒకదాంట్లో తగ్గిస్తే ఇంకోదాంట్లో తగ్గదు.”

“అంతే.”

“నా మైకు ఏది?”

“మూడోది.”

“హాల్లోకి ఎక్కడుంది?”

“పైన.”

“లైవ్‌లోకి?”

“అది... ఇవాళ కొంచెం...”

“నీళ్ళు నమలకు. లైవ్‌లోకి ఎక్కడుంది?”

“కింద.”

“కింద అంటే ఎంత కింద?”

“అడుక్కి ఉంది.”

“చెయ్యి తగిలి జారిందా?”

“ఆ, జారే ఉంటుంది. పొద్దున కేబుల్ లాగేటప్పుడు—”

“వేసవి నుంచీ నా గొంతు రావట్లేదన్నారురా మాస్టారు. వేసవి నుంచీ జారుతూనే ఉందా?”

“అమ్మా! ఇక్కడున్నావా, నీ కోసం హాలంతా వెతికా. మామయ్యా, నా క్లిప్ పెట్టావా? గ్రూపులో అందరూ అడుగుతున్నారు.”

“తర్వాత రా తల్లీ. మీ అమ్మా నేనూ మాట్లాడుకుంటున్నాం.”

“ఉండనీ. పాపా, ఒకటి అడుగుతా, సూటిగా చెప్పు. లైవ్‌లో నా గొంతు రావట్లేదని నీకు తెలుసా?”

“తెలుసుగా.”

“తెలుసా!”

“అదేంటమ్మా, నువ్వేగా వద్దన్నది?”

“నేనా?”

“తల్లీ, నువ్వెళ్ళు. నేను చెప్తా మీ అమ్మకి.”

“నువ్వు నోరు మూసుకో. నువ్వు చెప్పవే. నేను వద్దన్నానని ఎవరన్నారు?”

“మామయ్యే. చిన్నవాళ్ళకి అవకాశం ఇస్తానన్నావట, లైవ్‌లో నీ గొంతు తీసేయమన్నావట. ఆ సంగతి పైకి చెప్పుకోవడం నీకు ఇష్టం లేదట, అందుకని నీ దగ్గర ఎవరూ ఎత్తొద్దన్నాడు. క్వయిర్‌లో అందరికీ అదే చెప్పాడు. నీ చరణం నన్ను నేర్చుకోమన్నాడు. నువ్వు పాడేటప్పుడు నేనూ మైకు దగ్గరగా పెట్టుకునేది అందుకే కదమ్మా.”

“అదా సంగతి. మొన్న మన క్వయిర్‌లో ఆ నర్సు పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని ‘మీది ఎంత పెద్ద మనసు ఆంటీ’ అంది. దాని బట్టలు తొందరగా కుట్టిచ్చాను కదా, అందుకనుకున్నా.”

“నీకు తెలీదా అమ్మా? నిజంగా తెలీదా? మామయ్యా, ఏంటిది?”

“పాపా, నువ్వెళ్ళి బండి దగ్గర ఉండు.”

“నేనేం తప్పు చేశానమ్మా? నాకు చెప్పిందే నేను—”

“నీ తప్పేం లేదు. బాగా పాడుతున్నావు. వెళ్ళు. ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళు.”

“అక్కా, ముందు కూర్చో.”

“కూర్చోను. నమ్మించి గొంతు కోశావు కదరా! అది కూడా నా మంచితనం ఖాతాలో రాసి మరీ. పోస్టర్ల మీద నా ఫొటో ఇంతలేసి వేశావు. ఫొటో బయట పెట్టి, గొంతు లోపల తీసేశావు. ఎవరు చెప్పారు నీకు?”

“పాస్టరుగారు వ్యూస్ తగ్గుతున్నాయని మొన్నామధ్య—”

“ఆయన్ని మధ్యలోకి లాగకు. పొద్దున ఆయన్నే అడిగా. పాపం, ఆయనకి ఇది మిక్సరో మిక్సీయో కూడా తెలీదు. ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు.”

“మరి?”

“కామెంట్లు వచ్చాయి.”

“ఏమని?”

“వదిలెయ్ అక్కా. జనానికి ఏం పనుంది, ఏదో ఒకటి రాస్తారు.”

“ఏమని రాశారు?”

“‘ఆ పెద్దావిడ గొంతు గీరుకుపోతోంది. పైకి వెళ్ళేసరికి పగిలిపోతోంది. దగ్గరివాళ్ళు ఎవరైనా ఆవిడకి చెప్పండి’ అని.”

“చెప్పండి అనేగా రాశారు. తీసేయండి అని రాయలేదుగా.”

“నువ్వు చూస్తే తట్టుకోలేవని...”

“ఒక్కటేనా?”

“ఇంకోటి కూడా. రెండూ డిలీట్ చేశా. రాసినవాళ్ళని బ్లాక్ చేశా. ఆ రాతలు నీ కంట పడితే చచ్చిపోతావు అక్కా. నీకు పాట తప్ప ఇంకేముంది? బావ పోయాక నువ్వు తిండి మానేసి పడుకుంటే, ఈ మైకు చేతికిచ్చాకే కదా లేచి నిలబడ్డావు. అలాంటిదానివి, నీ దగ్గరికొచ్చి, గొంతు పోతోందక్కా అని నా నోటితో ఎలా చెప్పను?”

“చెప్పలేక తీసిపారేశావా?”

“హాల్లో ఉంచానుగా! హాల్లో ఎప్పుడూ తగ్గించలేదు, ఒట్టు. పైగా ఎకో కలిపి ఇంకా బాగా వచ్చేలా—”

“ఏం కలిపి?”

“అదే... కొంచెం...”

“ఏం కలిపావు?”

“ఎకో. గరుకు తెలియకుండా. హాల్లో అయితే కలిసిపోతుంది. లైవ్‌లో జనం చెవుల్లో పెట్టుకుని వింటారు, దొరికిపోతాం. అందుకే దాంట్లో మొత్తానికే...”

“నా కాళ్ళ ముందు స్పీకర్లో?”

“దాంట్లోనూ కలిపా.”

“ఎప్పట్నుంచి?”

“అప్పట్నుంచే. నీ గొంతు నీకు తియ్యగా వినపడితే ధైర్యంగా పాడతావని.”

“అందుకేనా.”

“ఏంటక్కా?”

“అందుకేనా వారమంతా బొంగురుపోయేది, ఆదివారం ఇక్కడ నిలబడగానే తేరుకునేది! కొట్లో నూలు దుమ్ము అనుకున్నా. వేడినీళ్ళు తాగా, మాస్కు కట్టుకున్నా. ఆదివారం వచ్చి పాడితే శుభ్రంగా వినపడేది. హమ్మయ్య, దేవుడు సరిచేశాడు అనుకునేదాన్ని. సాక్ష్యం కూడా చెప్పానురా!”

“అక్కా, ఆ సంగతి ఇప్పుడెందుకు?”

“ఎందుకేంటి? అందరి ముందూ నిలబడి చెప్పాను. వారమంతా మూగబోయిన గొంతుని ప్రభువు ఆరాధన వేళకి తెరుస్తున్నాడని చెప్పి ఏడ్చాను. వెనక బెంచీల్లో ముసలివాళ్ళు కూడా ఏడ్చారు. నువ్వు ఇదే కుర్చీలో కూర్చుని విన్నావు.”

“విన్నాను.”

“విని ఏమన్నావు?”

“...ఆమెన్ అన్నాను.”

“ఆమెన్ అన్నావు. నువ్వు తిప్పిన బటన్‌కి నేను స్తోత్రం చెప్పుకుంటే, నువ్వు ఆమెన్ అన్నావు. నాకు ఒళ్ళు మండిపోతోందిరా. దేవుడి ముందు నన్ను అబద్ధమాడించావు.”

“తిట్టు. కొట్టు. నేను కాదనను.”

“మరి ఆ మధ్య ఒక బుధవారం జరిగిన సంగతేంటి? కొత్త పాట బాణీ నేను పాడి గ్రూపులో పెడితే అరగంటలో తీసేయించావు. పాపతో పాడించి పెట్టావు. అప్పుడు నేను ఆ వాయిస్ మెసేజ్ విని నిన్నే అడిగాను, నా గొంతు ఇలా ఉందేంట్రా అని. ఏం చెప్పావు?”

“ఫోన్ మైకు అలానే ఉంటుందని.”

“‘ఫోన్లో అందరి గొంతూ అంతే అక్కా, నువ్వు లేనిపోనివి పెట్టుకోకు’ అన్నావు. నేను అడిగాను. నోరు తెరిచి అడిగాను నిన్ను.”

“భయమేసింది. ఒకసారి దాచాక ఇక దాస్తూ పోవాల్సి వచ్చింది. వచ్చే ఆదివారం నుంచి అన్నీ మామూలుగా పెట్టేస్తా. హాల్లో ఎలా ఉంటే లైవ్‌లోనూ అలానే. కామెంట్లు ఏమొస్తే అవి రానీ. క్వయిర్‌కి కూడా నేనే చెప్తా, అబద్ధం నాదేనని.”

“వచ్చే ఆదివారం నేను పాడను.”

“అలగకు అక్కా. నా మీద కోపం పాట మీద చూపించకు.”

“అలక కాదు. గురువారం ఆపరేషన్.”

“ఎవరికి?”

“నాకు. గొంతుకి.”

“ఏం మాట్లాడుతున్నావు? ఎప్పుడు చూపించుకున్నావు? నాకెందుకు చెప్పలేదు?”

“ఆ మాట నువ్వడుగుతున్నావా?”

“అక్కా!”

“మింగుతుంటే నొప్పి మొదలైంది. వెళ్ళాను. లోపల ఏదో కండ పెరిగిందట. ముదిరిందట, కోసి తీయాలట. ప్రాణానికి భయం లేదు, మాటకి భయం లేదు, పాట సంగతి మాత్రం చెప్పలేం అన్నారు. అందుకే పెన్‌డ్రైవ్ అడిగాను. పాట పోయినా, ఈ ఏడాది పాడినవైనా దగ్గరుంటాయి కదా అని.”

“పాతవి ఉన్నాయక్కా. పోయిన ఏడాదివి, అంతకుముందువి, అన్నీ ఉన్నాయి. ఇవాళే వేసిస్తా.”

“మీ బావ తలపులతో నేను కట్టిన పాట ఉందా?”

“అది... అది వేసవి తర్వాత కదా కట్టావు.”

“ఉందా, లేదా?”

“పాప గొంతుతో ఉంది. నీ పెదాలు కదులుతుంటాయి.”

“అంటే లేదు.”

“ఇప్పుడే రికార్డ్ చేద్దాం. పద. తలుపులేసేస్తా, మైకు పెడతా. ఎకో గీకో ఏమీ ఉండదు, నీ గొంతు ఎలా ఉంటే అలా—”

“ఇంకేం ఉందిరా? ఇవాళ రెండో చరణంలోనే ఆగిపోయానుగా. నీ ఎకో కూడా నన్ను నిలబెట్టలేకపోయింది.”

“ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం. కొయ్యకుండా మందులతో తగ్గేదేమో అడుగుదాం.”

“తగ్గేదట. మొదట్లోనే వచ్చుంటే పాట ఆపి, గొంతుకి విశ్రాంతి ఇచ్చి, మందులు వాడితే సరిపోయేదట. ఆ టైంలో నేను ఇక్కడ గొంతు చించుకుని పాడుతున్నాను.”

“మొదట్లోనే వెళ్ళుండాల్సింది అక్కా! ఎందుకు వెళ్ళలేదు?”

“డాక్టరమ్మ కూడా ఇదే అడిగింది. ‘గొంతు ఇంతగా మారితే మీవాళ్ళు ఒక్కరూ చెప్పలేదా?’ అని. ‘మా తమ్ముడు ప్రతి ఆదివారం నా గొంతు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాడమ్మా, వెంట్రుకంత తేడా ఉన్నా ముందు వాడే చెప్పేవాడు’ అన్నాను.”