నాడెరేవులో పదకొండో మగ్గం

అమీర్‌పేటలో ఫోన్ గేములు తయారుచేసే ఒక ఆఫీసు, నాలుగో అంతస్తు. పొద్దున పదకొండు దాటింది. బల్లకు ఇటు యూసుఫ్‌గూడలో బట్టలు కుట్టే ఎల్లేశం, అటు ఆఫీసులో పై ఉద్యోగి ఫణీంద్ర. మధ్యన ఒక అట్టపెట్టె.

"...అందుకే మీ ఫోన్ గేముల ఆ ఊరు మూసెయ్యుండ్రి సార్. గంతే నేను అడిగేది."

"మూసెయ్యడమంటే... ముందు టీ తాగండి ఎల్లేశం గారు."

"తాగిన. కింద కూసున్నమ్మ ఇచ్చింది. పదకొండు నుంచి పదకొండున్నర దాక సార్ ఎవ్వర్ని కలువడు, ఆగుమన్నది. వెన్నెల నాయిననంటే పంపింది."

"అబ్బే, ఆ టైంలో చిన్న పని ఉంటుంది. రోజూ ఉండేదే. ఫర్వాలేదు."

"పని ఉంటే చేసుకోండ్రి. నేను కూసుంట."

"వద్దొద్దు. ఇదిగో, ఇవి వెన్నెల సామాన్లు. సొరుగులోవి. కప్పు, రెండు నోటుబుక్కులు, ఇది... చెక్కది, చిన్న పడవలా ఉంది."

"నాడె. నేసేటప్పుడు అటిటు ఉరుకుతది. దుబ్బాకల మా మగ్గం ఇప్పిన్నాడు ఇది దాసిపెట్టుకున్నది."

"దాని పేరే గేములో తను కట్టిన ఊరికి పెట్టింది. నాడెరేవు అని."

"ఎనిమిది నెలలు మీ దగ్గర్నే ఉన్నయా ఇవి?"

"పంపుదామనే అనుకున్నాను. పని మీద పని... ఆగండి, గేట్ పాస్ రాసిస్తాను. లేకపోతే కింద ఆపుతారు. ఇక్కడ నా సంతకం. ఊఁ, అయింది. పెట్టెకి దారం కడితే మెట్రోలో పట్టుకెళ్లడానికి వీలుగా... అరె, తెగింది."

"ఇంకో దారం లేదా?"

"అక్కర్లేదు, అతికేస్తాను. ఒక్క నిమిషం. ఆఁ. లాగి చూడండి."

"గట్టిగనే ఉన్నది. ముడి కనవడతలేదు."

"ఊడదు లెండి. ఇంతకీ వెన్నెల అమ్మగారు ఎలా ఉన్నారు?"

"ఉన్నది."

"తింటున్నారా?"

"పెడితే తింటది. అడిగితే జవాబిస్తది. దుకాణంకు వస్తలేదు. కాజాలు, గుండీలు ఆమె పనే ఉండె. ఇప్పుడు నేనే కుడుతున్న. పదకొండు కాంగనే బిడ్డ ఫోన్ పట్టుకొని కిటికీకాడ కూసుంటది, మీ ఊర్లెకు పోతది. అరగంట. మిగిలిన దినమంతా రేపటి పదకొండు కోసం సూసుడే. మొన్న ఆమె అక్క బుచ్చమ్మ వచ్చి రెండు దినాలున్నది. ఈమె తలుపు తీసింది, అన్నం పెట్టింది, ఏం మాట్లాడలే."

"మీరు చూశారా ఊరిని?"

"ఆమె ఎనక నిలవడి సూసిన. మంచిగనే కట్టింది. ఏరు, ఏటొడ్డుకు వీధులు. కుండలు చేసేటోళ్లది ఒకటి, పడవలు చేసేటోళ్లది ఒకటి, నేసేటోళ్లది ఒకటి. రాజు లేడు."

"లేడు. నేనడిగాను, రాజు లేని ఊళ్లో ఎవరు ఆడతారమ్మా అని. పనోళ్ల సంఘం ఉంది గద సార్ అంది. చేతిపని రానివాడికి ఆ ఊళ్లో మాట చెల్లదు. పన్ను వసూలు చేసేవాడు కూడా ముందు ఏడాది కుండలు చెయ్యాలి. నన్ను మాత్రం ఏ వీధిలోకీ రానివ్వలేదు. మీకు ఏ పని రాదు గద సార్, ఇల్లు ఎట్లిస్తరు అంది."

"అట్లనే అంటది."

"అలాగే అంది."

"సార్, ఇంకో పద్ధతి పెట్టింది గద. పనోడు పోతే చేసేది."

"...ఊఁ. పనివాడు పోతే అతని పని సగంలో వదలకూడదు. సంఘంలోంచి ఒకరొచ్చి రోజుకి జానెడు నెయ్యాలి. బట్ట పూర్తయ్యాక కోసి, పడవలో పెట్టి ఏట్లో వదలాలి. అప్పుడు సంఘం పుస్తకంలో పేరు కొట్టేస్తారు. అప్పటిదాకా..."

"అప్పటిదాక మనిషి ఉన్నట్టే."

"అలా రాసింది."

"పదకొండో మగ్గం మా బిడ్డది. అది ఆసుపత్రికి పోయిన్నాడు సగం బట్ట దాని మీదున్నది. ఎనిమిది నెలలు జానెడు జానెడు నేస్తే ఎన్నడో అయిపోవాలె. అయితలేదు సార్. ఎందుకు అయితలేదంటే, పడుగు, గదే నిలువు పోగులు, అయిపోవస్తదనంగ కొత్త పడుగు అతికిండ్రు. పాత పోగు కొసకు కొత్త పోగు కలిపి మెలిపెట్టాలె. ఒక్కొక్క పోగు. వెయ్యి ఉంటే వెయ్యి. మా దిక్కు మగ్గం ఖాళీ కానియ్యం, గట్లనే చేస్తం. గా పని నాకొస్తది, నా భార్యకొస్తది, బిడ్డకు వస్తుండె. ఈ పట్నంల ఇంకెవరికొస్తది? ఆమెనే నేస్తుంది."

"అమ్మగారేనని... మీరు చూశారా?"

"మగ్గంకాడ తలకు గుడ్డ కట్టుకున్న మనిషి కనవడ్డది. పేరు లేదు."

"పోయినవాళ్ల మగ్గం మీద కూర్చున్నవాళ్ల పేరు చూపించకూడదంది. అదీ వెన్నెలే పెట్టింది. అమ్మగారిని అడగలేదా మీరు?"

"ఏమని అడుగుత? ఎనిమిది నెలల సంది మేమిద్దరం దాని పేరు తియ్యలే. పుస్తకంల బిడ్డ పేరు పోతేనన్న ఆమె లేస్తదేమో, దుకాణంకు వస్తదేమో. మీరే కోసెయ్యుండ్రి ఆ బట్ట."

"మా చేతుల్లో లేదండీ."

"ఊరు మీదే గద."

"మాదే. కానీ పైవాళ్లని అడగాలి, మెయిల్ పెట్టాలి, వాళ్లు బెంగుళూరులో..."

"కిందమ్మ ఒక్క బటన్ పనేనన్నది."

"ఊరంతా మూస్తే బటనే. బట్ట కొయ్యడం వేరు. ఎవరు నేశారో వాళ్లే కొయ్యాలి. ఆఫీసు వాళ్లకని వేరే కత్తెర ఇవ్వలేదు వెన్నెల."

"ఊరంతనే మూయుండ్రి మరి."

"ఇంకా ఆడేవాళ్లున్నారు కదా అందులో."

"ఎంతమంది?"

"ఎక్కువ లేరు లెండి."

"సార్, మీరు మాట దాటేస్తుండ్రు."

"లేదండీ. అంటే... నిదానంగా ఆలోచిద్దాం అంటున్నాను."

"నేసినోళ్లే కొయ్యాలన్నరు గద. అయితే ఆమెనే కొయ్యాలె. మీ ముంగటనే అడుగుత. నాకొక్కనికి నోరు రాదు. ఉండుండ్రి, ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెడుత."

"ఇప్పుడు వద్దేమో ఎల్లేశం గారు..."

"హలో."

"విజయా, నేను."

"ఊఁ."

"అమీర్‌పేటల ఉన్న. బిడ్డ ఆఫీసుల. ఫణీంద్ర సార్ సుత ఉన్నడు."

"నమస్తే అమ్మా."

"నమస్తే."

"బిడ్డ ఫోన్ ముంగటున్నదా? ఊరు సూస్తున్నవా?"

"సూస్తున్న."

"ఆ బట్ట కోసెయ్యి. నేసినోళ్లే కొయ్యాలెనట, ఆఫీసోళ్లకు రాదట. చాలు విజయా. కోసి ఏట్ల ఇడిచిపెట్టు."

"నేనెట్ల కోస్త? నేను నేస్తలేను."

"మరి?"

"నేను ఆ ఊర్లె ఏటొడ్డుకు కూసొని సూస్త. అంతే. మొదలు నువ్వేననుకున్న. దుకాణంల కూసొని నేస్తున్నవేమో, నాకు చెప్తలేవేమో అని."

"నేను గాదు."

"నువ్వు కాదని పడుగు అతికిన్నాడే తెల్సింది. నువ్వు, నేను కుడి దిక్కు నుంచి మొదలువెడ్తం. గది ఎడమ దిక్కు నుంచి వచ్చింది. రెండోసారి సుత అంతే. ఎడమ చేత్తోని అతికేది మనింట్ల బిడ్డ ఒక్కతే."

"విజయా..."

"బిడ్డ లేదని నాకు తెల్వదా? దానికి ఆఖరి నీళ్లు పోసింది నేనే. నాకేం కాలేదు, నువ్వు ఫికర్ చెయ్యకు. కాని చెయ్యి దానిదే. గా చెయ్యి సూస్తందుకే కూసుంట. ఇయ్యాల రాలేదు."

"ఎవరు?"

"మగ్గం మీద కూసునే మనిషి. ఒక్కనాడు తప్పలే. ఐతారం సుత వచ్చింది. పదకొండు కాంగనే వచ్చి కూసునేది. ఇప్పుడు పదకొండు ఇరవై దాటింది. మగ్గం ఉత్తగనే ఉన్నది. నువ్వు ఆడ ఏమన్న అన్నవా? మూయమన్నవా ఊరు? అన్నవా?"

"జర ఆగు. మళ్ల చేస్త."

"నేను ఇక్కడ్నే ఉంట."

"ఎల్లేశం గారు, నేను..."

"మీరు సంతకం కుడి చేత్తోని పెట్టిండ్రు సార్. దారం ఎడమ చేత్తోని అతికిండ్రు."

"నాకు అలాగే వచ్చు. వెన్నెల ఎలా చేస్తే అలా నేర్చుకున్నాను. కింద క్యాంటీన్‌లో, పదకొండింటికి టీకి వెళ్లినప్పుడు. నాడెరేవులో ఇల్లు కావాలంటే ఒక్క పనైనా రావాలి సార్ అని."

"ఇల్లు ఇచ్చిందా?"

"అతుకు ఊడకుండా వచ్చిన రోజున ఇస్తానంది. వచ్చేసరికి తనకి జ్వరం. జ్వరంతోనే వచ్చి పని చేసింది ఆ వారం. నేను ఇంటికి వెళ్లమనలేదు. ఆ మగ్గం మీద రోజూ కొయ్యాలనే కూర్చుంటానండీ. కత్తెర దాకా వెళ్తాను, మళ్లీ జానెడు నేసి లేస్తాను. ఒడ్డున ఉన్నది అమ్మగారని ఇవాళ్టిదాకా నాకు తెలీదు. ఎవరో ఒకరు రోజూ వచ్చి కూర్చుంటున్నారు, నన్ను కనిపెడుతున్నారేమో అనుకున్నాను."

"నేను బయట కూసుంట సార్. ఇంకా ఐదు నిమిషాలున్నది. నేస్తరో కోస్తరో మీ ఇష్టం, ఆమె సూస్తుంది."